పిల్లి లిట్టర్‌లో ముక్కుతోంది, కుక్క నీళ్లు తెగ తాగుతోంది. ముందు ఎవరిని తీసుకెళ్లాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఐదేళ్ల మగపిల్లి నిన్న సాయంత్రం నుంచి పది నిమిషాలకోసారి లిట్టర్ ట్రేలోకి (మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రే) వెళ్లి కూర్చుని ముక్కుతోంది, అరుస్తోంది, ఏమీ రావట్లేదు. మలబద్ధకం అనుకుంటున్నారు. ఎనిమిదేళ్ల ఆడకుక్క పది రోజులుగా గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది, తిండి తగ్గించింది, వయసు మీద పడి అలా అయ్యిందేమో అంటున్నారు. సోమవారం దాకా ఆగొచ్చా, ఈలోపు పిల్లికి విరేచనం మందు, నొప్పికి మనం వేసుకునే టాబ్లెట్‌లో పావు ముక్క ఇవ్వొచ్చా అని అడిగారు.

పిల్లిని ఇప్పుడే తీసుకెళ్లండి. సోమవారం కాదు, రేపు పొద్దున కూడా కాదు. మీ డాక్టర్ లేకపోతే ఏ ఎమర్జెన్సీ తెరిచి ఉంటే అక్కడికి. విరేచనం మందు వద్దు, టాబ్లెట్ అసలే వద్దు. కుక్కను కూడా అదే బండిలో ఎక్కించుకుని వెళ్లండి, దాని సంగతి కింద రాస్తాను. ఇక్కడిదాకా చదివి బయల్దేరితే చాలు, మిగతాది వెయిటింగ్ రూములో కూర్చుని చదువుకోవచ్చు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, లిట్టర్‌లో ముక్కుతున్న మగపిల్లిని చూసి నూటికి తొంభై మంది ఓనర్లు మొదట అనుకునేది మలబద్ధకం అనే. కూర్చునే తీరు చూస్తే అలాగే ఉంటుంది మరి. కానీ చాలాసార్లు ఆగిపోయింది మలం కాదు, మూత్రం. మగపిల్లిలో మూత్రం బయటికొచ్చే గొట్టం చివరికొచ్చేసరికి చాలా సన్నబడిపోతుంది. జిగురు, రాలిన కణాలు, సన్న ఇసుక లాంటి స్ఫటికాలు కలిసి ముద్దయి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి, ఒక్కోసారి చిన్న రాయి అడ్డం పడుతుంది, ఒక్కోసారి ఏ అడ్డూ లేకుండా వాపుతోనో కండరం పట్టేయడంతోనో మూసుకుపోతుంది. ఆడపిల్లుల్లో ఆ గొట్టం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి పూర్తిగా మూసుకుపోవడం అరుదు. అవి ఇలా ముక్కితే ఒక రోజులో చూపించమంటాను. మగపిల్లి అయితే గంటల లెక్క.

ఇంట్లో ఒక్కటి మాత్రం చూడొచ్చు, అది కూడా రెండు నిమిషాల్లో అయిపోవాలి. ట్రేలో లిట్టర్ కదిపి చూడండి. నిన్న సాయంత్రం తర్వాత మామూలు సైజు మూత్రపు గడ్డ ఒక్కటైనా ఉందా? ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. ఏమీ లేకపోయినా, బటన్ అంత చుక్కలు మాత్రమే ఉన్నా, గులాబీ రంగు మరకలున్నా అది బ్లాక్ అనుకునే బయల్దేరాలి. ఇంట్లో రెండు మూడు పిల్లులుంటే ఆ గడ్డ ఎవరిదో తెలియదు కదా, ఆ లెక్కతో మోసపోకండి. పదేపదే కింద నాక్కోవడం, మంచం కిందకి దూరడం, పొట్ట ముట్టుకుంటే గుర్రుమనడం, వాంతి, ఇవన్నీ అదే దారిలో వచ్చేవే. పొట్ట నొక్కి మూత్రం రప్పించే ప్రయత్నం చేయొద్దు. నిండి బిగిసిన మూత్రాశయం పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఒక కేసు చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒకాయన తన పిల్లిని టవల్‌లో చుట్టుకుని తీసుకొచ్చారు. మూడో రోజు సాయంత్రం. రెండు రోజులు విరేచనం మందు పట్టించారట. పిల్లి అరవడం మానేసిందని, నొప్పి తగ్గిందేమో అని ఆయన అనుకున్నారు. టేబుల్ మీద పెడితే పక్కకు ఒరిగిపోయింది. చెవులు చల్లగా ఉన్నాయి. వేళ్లతో పొట్ట తడిమితే గట్టి బంతి ఒకటి చేతికి తగిలింది, అదే మూత్రాశయం. క్లినిక్‌కి వచ్చిన పిల్లి గుండె భయానికి నిమిషానికి 160 నుంచి 220 దాకా కొట్టుకుంటుంది. దీనిది 92. అది ప్రశాంతంగా ఉండటం కాదు. మూత్రంతో బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండెను నెమ్మది చేసేస్తోంది. ఈసీజీ గీతలో ఉండాల్సిన చిన్న గుట్ట మాయమైంది, చివరి గుట్ట కొండలా లేచింది. అలాంటప్పుడు గొట్టం తెరవడం కన్నా ముందు గుండెను కాపాడుకోవాలి. కాల్షియం ఇంజెక్షన్, డ్రిప్, గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇచ్చి, గుండె దారిలో పడ్డాకే మత్తిచ్చి మూత్రం దారిలోకి క్యాథెటర్ అనే సన్నటి గొట్టం వేశాం. ఆ పిల్లి బతికింది, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి. అంత ఆలస్యంగా వచ్చినవన్నీ బతకలేదు. పూర్తిగా మూసుకుపోయాక రెండు మూడు రోజులకు మించి టైమ్ ఉండదు, ఆ లెక్క కూడా మీరు గమనించిన క్షణం నుంచి కాదు, మూసుకుపోయిన క్షణం నుంచి.

అక్కడ ఏం చేస్తారో ముందే తెలిస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది. రక్తపరీక్షలో కిడ్నీ అంకెలు, పొటాషియం చూస్తారు. మత్తిచ్చి సన్నటి క్యాథెటర్ ఎక్కించి మూత్రాశయం ఖాళీ చేస్తారు, కడుగుతారు, రాళ్లున్నాయేమో అని ఎక్స్‌రేనో స్కానో తీస్తారు. క్యాథెటర్ సాధారణంగా ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ ఉంచుతారు. చాలాసార్లు ఒక వింత జరుగుతుంది. అడ్డు తీశాక కిడ్నీలు ఒక్కసారిగా మూత్రం వరదలా వదులుతాయి, దానికి సరిపడా డ్రిప్ ఎక్కించకపోతే పిల్లి ఎండిపోతుంది. అందుకే "మూత్రం వచ్చేసింది కదా, ఇంటికి పంపేయండి" అంటే మేం ఒప్పుకోం. మొదట్లో ఒక ఓనర్ బతిమాలితే క్యాథెటర్ తీసిన పూటే పంపేశాను. మర్నాడు రాత్రికి మళ్లీ మూసుకుపోయి వచ్చింది. తప్పు నాదే. అప్పటినుంచి క్యాథెటర్ తీశాక నా కళ్ల ముందు మామూలుగా మూత్రం పోస్తేగానీ పంపట్లేదు.

ఇంకో మాట, దీని మీద నాకు కొంచెం చిరాకు కూడా ఉంది. ఇలాంటి పిల్లులకు వెంటనే "యూరిన్ ఇన్ఫెక్షన్" అని పేరు పెట్టి యాంటీబయాటిక్ కోర్సు రాయడం అలవాటైపోయింది. చిన్న, మధ్య వయసు పిల్లుల్లో మూత్ర సమస్యలకు బ్యాక్టీరియా కారణం కావడం తక్కువ. ఎక్కువగా కనిపించేది ఏ క్రిమీ లేకుండా మూత్రాశయం వాచిపోవడం, దాని వెనకాల చాలాసార్లు ఒత్తిడి ఉంటుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ట్రే ఉన్న చోట చప్పుడు, ఇలాంటివి. మనకు ఇదీ ఒక జబ్బేనా అనిపిస్తుంది గానీ పిల్లికి ఇల్లే ప్రపంచం కదా. పదేళ్లు దాటిన పిల్లుల్లో మాత్రం నిజంగా ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, అక్కడ మూత్రం కల్చర్ (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) చేయించి మందు వాడటం సబబే.

ఈ గండం గడిచాక మళ్లీ రాకుండా చూసుకోవడం పెద్ద పని, ఎందుకంటే ఒకసారి బ్లాక్ అయిన పిల్లుల్లో చాలావాటికి మళ్లీ అవుతుంది. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఒంట్లోకి నీళ్లు పెంచడం. పొడి గింజలు తగ్గించి తడి ఆహారానికి మార్చండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల, ట్రేకి దూరంగా పెట్టండి. పిల్లులెన్నో అంతకన్నా ఒక ట్రే ఎక్కువ ఉండాలి, అన్నీ ఒకే గదిలో వరసగా పెడితే పిల్లి దృష్టిలో అది ఒక్క ట్రేనే. రాయి స్ట్రువైట్ రకమైతే ప్రత్యేకమైన ఆహారంతో కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ అయితే కరగదు, తీయాల్సిందే. అందుకే ఏ రకమో తెలుసుకోకుండా ఎవరో చెప్పిన మేత కొనకండి. ఎన్ని చేసినా పదేపదే మూసుకుపోయే పిల్లికి ఆ సన్నని చివర తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది. చివరి మెట్టు అనుకోండి, కానీ మంచి మెట్టే.

టాబ్లెట్ విషయం. జ్వరానికి, నొప్పికి మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే పని పిల్లి కాలేయానికి దాదాపు చేతకాదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఒక్క టాబ్లెట్‌తో పిల్లి చచ్చిపోవచ్చు, పావు ముక్కయినా ప్రమాదమే. ఐబుప్రోఫెన్ అయితే కుక్కలకు కూడా కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. పారాసిటమాల్‌కి విరుగుడు మందు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మేలు. అక్కడ ఎవరూ మిమ్మల్ని తిట్టరు. తిట్టినా పడండి, పిల్లి బతుకుతుంది.

ఇక కుక్క.

మీ ప్రశ్నలో చివర ఎక్కడో, మాటల్లో మాటగా ఒక వాక్యం రాశారు: "నెలన్నర కిందట ఎదకు వచ్చి వెళ్లింది, అప్పటినుంచే కాస్త డల్‌గా ఉంది." నన్ను ఆపింది ఆ వాక్యమే. ఆపరేషన్ చేయని ఆడకుక్క, వయసు ఎనిమిది, ఎద అయిపోయి నాలుగు నుంచి ఎనిమిది వారాలు, నీళ్లు ఎక్కువ, తిండి తక్కువ. ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే వేరేది అని రుజువయ్యేదాకా మేం గర్భసంచిలో చీము, అంటే పయోమెట్రా అనే అనుకుంటాం. షుగరేమో, కిడ్నీయేమో అని తీరిగ్గా ఆలోచించడం దీని తర్వాతే.

కుక్క కడుపుతో ఉన్నా లేకున్నా, ఎద తర్వాత రెండు నెలల పాటు దాని ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. పిల్లలు వస్తాయనుకుని గర్భసంచి లోపలి పొర మందం అవుతుంది, స్రావాలు ఊరతాయి, ముఖద్వారం మూసుకుంటుంది. ఎద సమయంలో లోపలికి చేరిన ఈ-కోలై లాంటి బ్యాక్టీరియాకి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? ప్రతి ఎదకీ ఆ పొర ఇంకాస్త పాడవుతుంది కాబట్టి వయసుతో ముప్పు పెరుగుతుంది. స్వీడన్‌లో కుక్కల ఇన్సూరెన్స్ లెక్కలు తీస్తే, ఆపరేషన్ చేయని ఆడకుక్కల్లో పదేళ్లు వచ్చేలోపు దాదాపు నాలుగో వంతుకు ఇది వచ్చింది. ఎద రాకుండా హార్మోన్ ఇంజెక్షన్లు చేయించిన కుక్కల్లో ముప్పు ఇంకా ఎక్కువ. మీరెప్పుడైనా అలాంటిది చేయించి ఉంటే చెప్పండి.

మరి గర్భసంచిలో చీముకీ నీళ్లు తాగడానికీ సంబంధమేంటి అంటే, ఆ బ్యాక్టీరియా వదిలే విషం కిడ్నీలకు మూత్రాన్ని చిక్కబరిచే శక్తి లేకుండా చేస్తుంది. నీళ్లన్నీ పలుచటి మూత్రంగా పోతుంటే దప్పిక పెరుగుతుంది. అందుకే నీళ్లు ఎక్కువ తాగుతోందని గిన్నె తీసేయకండి. కొందరు ఇంట్లో మూత్రం పోస్తోందని ఆ పని చేస్తారు. అది తాగడం వల్ల పోయడం లేదు, పోయడం వల్ల తాగుతోంది.

"కింద చీమేమీ కారడం లేదండీ" అంటారేమో. నేనూ ఒకసారి అక్కడే బోల్తా పడ్డాను. బొచ్చు బాగా ఉన్న తొమ్మిదేళ్ల కుక్క, ఒక్క చుక్క కారడం లేదని ఇంట్లోవాళ్లు ఖాయంగా చెప్పారు. నేను షుగర్ పరీక్ష చేశాను, బాగుంది. కిడ్నీ అంకెలు కాస్త అటూ ఇటూగా ఉంటే రెండు రోజుల తర్వాత మూత్రం తెమ్మని పంపించేశాను. రెండో రోజు వాంతులతో వచ్చింది. స్కాన్ పెడితే పొట్టనిండా నల్లటి గొట్టాలు, చీముతో ఉబ్బిన గర్భసంచి కొమ్ములు. చీము కారకపోవడం మంచి లక్షణం కాదని అప్పుడు బాగా బుర్రకెక్కింది. ముఖద్వారం మూసుకుపోతే చీము లోపలే ఉండిపోతుంది, గర్భసంచి పగిలే ప్రమాదం అందులోనే ఎక్కువ. ఇంకొన్ని కుక్కలకు కారుతుంది గానీ, శుభ్రంగా నాకేసుకుంటాయి, మనకు కనపడదు. తోక కింద పదేపదే నాకుతోందా అన్నది మీరు గుర్తు చేసుకోవాల్సిన ప్రశ్న.

వైద్యం ఆపరేషనే. డ్రిప్, యాంటీబయాటిక్ ఇచ్చి నిలబెట్టి, గర్భసంచి, అండాశయాలు తీసేస్తారు. వట్టి యాంటీబయాటిక్ కోర్సుతో రెండు రోజులు హుషారుగా కనిపిస్తుంది, లోపల చీము అలాగే ఉంటుంది. పిల్లల్ని పెట్టించాల్సిన చిన్న వయసు కుక్కల్లో, ముఖద్వారం తెరిచి ఉంటే, మందులతో ఖాళీ చేయించే పద్ధతి ఉంది, కానీ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఎనిమిదేళ్ల కుక్కకు నేనైతే ఆ మాటే ఎత్తను. వయసైపోయింది, మత్తు తట్టుకుంటుందా అని అందరూ అడుగుతారు. తట్టుకోకపోయే ప్రమాదం ఉన్న మాట నిజమే, చీము అలా వదిలేస్తే ఉన్న ప్రమాదంతో పోలిస్తే అది చిన్నది. వాంతులు మొదలుకాకముందు వచ్చిన కుక్కలు చాలావరకు రెండు మూడు రోజుల్లో తోక ఊపుకుంటూ ఇంటికి వెళ్తాయి.

స్కాన్‌లో గర్భసంచి బాగుందని తేలితే అప్పుడు మిగతావి. ఆ తర్వాత నీళ్లు కొలవడం పనికొస్తుంది: పొద్దున కొలిచి పోసి, మర్నాడు అదే టైముకి మిగిలింది కొలవండి. కుక్క రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగితే అది మామూలు కాదు. అంటే ఇరవై కిలోల కుక్క రెండు లీటర్లు దాటకూడదు. పిల్లికైతే కిలోకి 50 దాటినా ఆలోచించాలి.

షుగర్ అయితే మొదట్లో సాధారణంగా తిండి తగ్గదు, పెరుగుతుంది, తింటూనే చిక్కిపోతుంది. కుక్కలకు షుగర్ మాత్రలు పనిచేయవు, ఇన్సులిన్ ఒక్కటే, ఎక్కువ కుక్కలకు రోజుకు రెండు పూటలా. చాలా కుక్కలకు ఏడాది తిరిగేలోపే కళ్లలో శుక్లాలు వస్తాయి, ఇది ముందే చెప్పకపోతే తర్వాత ఓనర్లు బాధపడతారు. పిల్లుల్లో కథ వేరు, మొదట్లోనే ఇన్సులిన్ మొదలుపెట్టి పిండిపదార్థం తగ్గిస్తే కొన్నిటికి కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. పిల్లి క్లినిక్‌లో భయపడినా షుగర్ పెరిగినట్టు చూపిస్తుంది కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చం, గత ఒకటి రెండు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోజమైన్ కూడా చూస్తాం.

కిడ్నీ విషయంలో ఒక్క హెచ్చరిక: రక్తపరీక్షలో కిడ్నీ అంకె అయిన క్రియాటినిన్ మామూలుగా ఉందంటే కిడ్నీలు బాగున్నాయని కాదు. దాదాపు నాలుగింట మూడొంతుల పని పోయాక గానీ అది పెరగదు. మూత్రం ఎంత చిక్కగా ఉందో చూసే పరీక్ష చాలాసార్లు అంతకన్నా ముందే చెప్పేస్తుంది, చిన్న పరీక్షే, అడిగి చేయించుకోండి. పొట్ట జారి, బొచ్చు పలచబడి, ఊరికే రొప్పుతూ, తిండి మీద ఎగబడే కుక్కలో కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు చూస్తాం, మీ కుక్క తిండి తగ్గించింది కాబట్టి అది నా లిస్టులో కింద ఉంది. దురదకని స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? వాటితోనూ దప్పిక బాగా పెరుగుతుంది, సగం మంది ఓనర్లు చెప్పడం మర్చిపోయేది అదే.

బయల్దేరే ముందు ఫోన్ చేసి ఈ మాటలే చెప్పండి: "మగపిల్లి, నిన్నటి నుంచి మూత్రం రావట్లేదు." పిల్లికి ఒంట్లో బాలేదు అంటే వరసలో కూర్చోబెడతారు, ఈ మాటంటే లోపలికి తీసుకుంటారు. పిల్లిని బాక్సులోనే తీసుకెళ్లండి, నొప్పిలో ఉన్న పిల్లి చేతుల్లోంచి దూకేస్తుంది. ఇద్దరికీ తిండి పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావొచ్చు, నీళ్లు మాత్రం ఆపొద్దు. కుక్క ఎద మొదలైన తేదీ, పిల్లి చివరిసారి మామూలుగా మూత్రం పోసింది ఎప్పుడో కాగితం మీద రాసుకోండి, అక్కడికెళ్లాక గుర్తుండవు.

పిల్లి పొటాషియం ఎంత వచ్చిందో, కుక్క స్కాన్‌లో ఏం కనిపించిందో తెలిశాక ఇక్కడే రాయండి. తడి ఆహారానికి ఎలా మార్చాలో అప్పుడు వివరంగా చెప్తాను, గింజలకు అలవాటు పడ్డ పిల్లిని మార్చడం అంత ఈజీ కాదు.